దక్షిణం వాలు

నేను ఒక దిక్సూచిని. అరచేతిలో పట్టేంత ఇత్తడి డబ్బా, దానికొక మూత, లోపల గాజు కింద ఒక సూది. ఆ సూది ఉత్తరం ఎటో చెబుతుంది. నాకు వచ్చిన చదువు అంతే. అంతకు మించి ఒక్క ముక్క రాదు, వచ్చని నేను ఎన్నడూ చెప్పుకోలేదు. కానీ నన్ను చేత పట్టుకున్నవాళ్ళలో ఉత్తరం ఎటని అడిగినవాళ్ళు తక్కువ. పెళ్ళెప్పుడవుతుందని అడుగుతారు. వ్యాపారం ఎందుకు మునిగిందని అడుగుతారు. పక్కింటివాడు ఎందుకు బాగుపడ్డాడని అడుగుతారు. ఒక్క మాట తెలిసినవాడి చేత ఊరి సంగతులన్నీ చెప్పించబోతే వాడికి ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. విసుగు పుట్టదా మరి?

నన్ను చేసింది ఎక్కడో ఉత్తరాదిన, కొలిమి పొగ తప్ప గాలి ఆడని ఒక ఇరుకు సందులో. ఒక ముసలి పనివాడు సూదిని అయస్కాంతానికి రుద్ది, మొన మీద నిలబెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. సూది ఊగి ఊగి ఒకచోట ఆగింది. ఆయన తల ఊపి గాజు బిగించాడు. ఎదురు ప్రశ్న వేయకుండా నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన. తర్వాత అలాంటివాళ్ళు పెద్దగా తగల్లేదు.

మొదట ఒక సర్వేయరు నన్ను కొన్నాడు. ప్రభుత్వ ఉద్యోగి. గొలుసులు లాగించి పొలాల హద్దులు వేసేవాడు. ఆయన జేబులో కనిగిరి చుట్టూ ఉన్న బీళ్ళన్నీ తిరిగాను. గట్టు దగ్గర నిలబడ్డ రైతు నన్ను చూసి, "ఉత్తరం ఇంకొంచెం అవతలికి జరపండి సారూ" అనేవాడు. గట్టును జరపమన్నా అర్థముంది. ఉత్తరాన్ని జరపమంటే ఏమనాలి? ఆ సర్వేయరు ఒకసారి తన బల్లకు కాలు ఊడితే వడ్రంగికి ఇచ్చాడు. సొరుగులో నేనున్న సంగతి మర్చిపోయాడు. ఈలోపు ఆయనకు బదిలీ అయింది. బల్ల కోసం రాలేదు, నా కోసమూ రాలేదు.

ఆ వడ్రంగి నాగలింగాచారి. ద్వారబంధాలు చేయడంలో ఆయన చెయ్యి మంచిది. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు వాకిలి ఎటు చూడాలని ఇంటివాళ్ళు అడగడం మామూలు. అంతవరకు ఆయన ఎండను చూసి చెప్పేవాడు. నేను దొరికాక, నన్ను బయటికి తీసి, మూత తెరిచి, మొహం గంభీరంగా పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గంభీరమే ఆయన కొంప ముంచింది. కొన్నాళ్ళకు జనం ఆచారి అనడం మానేసి సిద్ధాంతి గారూ అన్నారు. రంపం తుప్పు పట్టింది. నేను మాత్రం తళతళలాడాను, రోజూ తుడిచేవాడు కాబట్టి.

ఆయన చెడ్డవాడు కాదు. అదే నాకు ఇబ్బంది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు తాగి, వాళ్ళ ఏడుపంతా విని, తర్వాత నన్ను తీసేవాడు. పరీక్ష తప్పిన కుర్రాడి ఇంట్లో మెట్లు మార్పించాడు. తాగుబోతు ఇంట్లో వంటిల్లు ఆగ్నేయానికి జరిపించాడు. అన్నదమ్ములు కొట్టుకున్న ఇంట్లో మరుగుదొడ్డి పగలగొట్టించాడు. నేను విన్నంతలో ఆ చుట్టుపక్కల తప్పు చేసిన మనిషి ఒక్కడూ లేడు. తప్పులన్నీ మరుగుదొడ్లవే.

మాలకొండయ్య ఇంటి సంగతి ఇక్కడే చెప్పాలి. మాలకొండయ్య కనిగిరిలో ఎరువుల కొట్టు గుమాస్తా. పెళ్ళైన కొత్తలో ఇంటికి దక్షిణం పక్క ఒక రేకుల వసారా దించాడు. వాన నీళ్ళు దక్షిణానికి జారేటట్టు వాలు పెట్టాడు. ఆ తర్వాత ఆయన భార్య కాశీశ్వరికి ఒకసారి కడుపు పోయింది. మరుసటి ఏడు మళ్ళీ పోయింది. అప్పుడు మాలకొండయ్య తల్లి రోశమ్మ నాగలింగాచారికి కబురు పెట్టింది.

రోశమ్మ ఆయన్ను వాకిట్లోనే ఆపింది.

"ఆచారీ, ఇల్లు బాగా చూసి చెప్పు. ఇంట్లో తప్పు లేదంటే కోడలిపిల్లలో ఉన్నట్టే. దర్శిలో మా తమ్ముడి కూతురుంది. మా వాడికి దాన్ని చేసుకుంటా. ఇది పుట్టింటికి పోయిద్ది."

కాశీశ్వరి లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో చాట. ఏమీ వినపడనట్టు బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరిన చోటే మళ్ళీ ఏరుతోంది.

నాగలింగాచారి నన్ను తీసి నేల మీద పెట్టాడు. మూత తీయలేదు. ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు తీస్తాడని నేను చూస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి లేచాడు.

"దక్షిణం వాలమ్మా. ఆడమనిషిని నిలవనియ్యదు, కడుపు నిలవనియ్యదు. రేపటికల్లా ఆ వసారా ఉండకూడదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పిలిచి పీట వేసి, నోరు తెరవనివ్వకుండా పంపించినట్టయింది. దక్షిణం ఎటో నన్ను అడగకుండా ఈయన ఏం చూసి చెప్పాడు? సరే, నా గోల ఎవరికి కావాలి. వసారా కూలింది. ఆ పై ఏడాది పాప పుట్టింది. నాగలింగాచారి పేరు మార్కాపురం దాకా పాకింది. రోశమ్మ బతికినంతకాలం ఆయన్ను దేవుడన్నది.

కాలం గడిచింది. ఆయన కళ్ళకు పొర కమ్మింది. నన్ను కొడుకు వీరబ్రహ్మం చేతిలో పెట్టాడు. వీరబ్రహ్మం ఐటీఐలో కరెంటు పని నేర్చుకుని, సోలారు ప్లేట్లు బిగించే కంపెనీలో చేరాడు. ప్లేట్లకు ఏ ఇల్లు పనికొస్తుంది, ఏది పనికిరాదు అని ముందుగా చూసి వచ్చే పని. ఫోనులో దిక్కులు చూసుకునే ఏర్పాటు అతనికీ ఉంది. కానీ మేడ మీద ఇనపరాడ్డు దగ్గరికి పోతే అదీ నాలాగే తిక్కతిక్కగా తిరుగుతుంది, పైగా తిరుగుతున్నానని ఒప్పుకోదు. అందుకని నన్ను కూడా సంచిలో వేసుకు తిరుగుతాడు. బోల్టుల పక్కన. ఆ ఇనుము పక్కన నా సూదికి పొద్దస్తమానం తలనొప్పి.

పోనీలే, ఇకనైనా మంచి రోజులొచ్చాయనుకున్నాను. కరెంటు పని కదా, మీటర్లు, కొలతలు, లెక్కలున్న వ్యవహారం. ఉత్తరం ఎటో చెబితే సరే అంటారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

ఎక్కువమంది ముందే తేల్చేసుకుని ఉంటారు, ప్లేట్లు తూర్పుకు పెట్టాలని. సూర్యుడు పుట్టేది అటే కదా అంటారు. పుట్టినవాడు అక్కడే కూర్చుంటాడా అని ఆలోచించరు. దండానికి తూర్పు మంచిదే. కరెంటుకు మాత్రం ఆయన పగలంతా నడిచే దారి చూడాలి. మన వైపు ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ దారి కొంచెం దక్షిణానికి ఒరిగి ఉంటుంది. అందుకే ప్లేట్ల మొహం దక్షిణానికి తిప్పి, దక్షిణపు అంచు కిందికి, ఉత్తరపు అంచు పైకి ఉండేటట్టు బిగిస్తారు. ఈ సంగతి వీరబ్రహ్మం ఇల్లిల్లూ చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నాడు.

ఒకాయన ఇంటికి దక్షిణాన పక్కింటివాడి మూడంతస్తుల గోడ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడే. పనికిరాదంటే, "నువ్వు ప్లేట్లు పెట్టు, వాడు గోడెట్టా ఉంచుకుంటాడో నేను చూస్తా" అన్నాడు. ఇంకొకచోట మేడ మీద ముగ్గురు అన్నదమ్ములు సుద్దతో గీతలు గీసుకున్నారు. ప్లేట్లు ఇద్దరి గీతలు దాటి మూడోవాడి వడియాల మీదికి వస్తాయని తగువు. పాత రేకుల కప్పున్న ఇంట్లో, బరువు ఆగదంటే, "మా మావయ్య రోజూ ఎక్కి పడుకుంటాడు, ఆయన కంటే బరువా?" అన్నారు. ఆయన్ను చూశాను. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది.

అలా తిరిగి తిరిగి ఒక ఎండాకాలం మాలకొండయ్య ఇంటికే వచ్చాం. పిలిపించింది కాశీశ్వరి.

ఆమె ఇప్పుడు దోసెల పిండి రుబ్బి అమ్ముతోంది. బజారులో సగం టిఫిను బండ్లకు పిండి ఆమె ఇంటి నుంచే పోతుంది. ఇంట్లో పెద్ద గ్రైండరు, ఒక ఫ్రీజరు. కనిగిరి ఎండకు ఫ్రీజరు లేకుండా పిండి మధ్యాహ్నానికే పొంగి పులుస్తుంది. ఆ ఫ్రీజరు తిరిగినంతసేపూ మీటరు తిరుగుతుంది. ఆ నెల కరెంటు బిల్లు చూసి మాలకొండయ్య ఫ్రీజరు అమ్మేస్తానన్నాడు. కూల్ డ్రింకుల కొట్టువాడికి మాట కూడా ఇచ్చేశాడు. వాడు ఆదివారం బండి తెచ్చుకుంటాడు. ఫ్రీజరు పోతే పిండి పోయినట్టే. ప్లేట్లు పడతాయని తేలితే ఫ్రీజరు ఆగుతుంది. ఆమెకున్న దారి అదొక్కటే.

వీరబ్రహ్మం మేడంతా కొలిచాడు. స్లాబు గట్టిది, ఎక్కడా పగులు లేదు. చెట్టు లేదు, పక్కన పెద్ద మేడ లేదు. నైరుతి మూల మాత్రం నీళ్ళ ట్యాంకు ఎత్తైన దిమ్మెల మీద ఊరేగింపు రథంలా నిలబడి ఉంది.

"అంత ఎత్తున ఎవరు పెట్టమన్నారక్కా?" అన్నాడు వీరబ్రహ్మం.

"మీ నాయనే తమ్ముడూ. నైరుతి ఎత్తు ఉండాలన్నాడు."

అతను ట్యాంకు నీడ ఎటు పోతుందో లెక్క చూసుకున్నాడు. ట్యాంకు నీడ మధ్యాహ్నం దాటాక పడమటి సగం మీద పడుతుంది. సరే, తూర్పు సగం చాలు. నన్ను తీసి, ఇనుముకు దూరంగా గుండెల ఎత్తున పట్టుకుని చూశాడు. ఉత్తరం చెప్పాను. అతను దక్షిణం వైపు చెయ్యి చాపాడు.

"ఇల్లు బ్రహ్మాండంగా సరిపోయిద్దక్కా. మొహం ఇటు, వాలు ఇటు."

అప్పుడే నిచ్చెన ఎక్కి వచ్చిన మాలకొండయ్య అక్కడే ఆగిపోయాడు.

"వాలు ఎటన్నావు?"

"దక్షిణానికన్నా."

"దిగు."

"అది కాదన్నా..."

"దిగబ్బాయ్ ముందు. దక్షిణం వాలు ఈ ఇంటి మీద ఇంకోసారి పడదు. ఆ వాలు నా ఇంట్లో రెండు ప్రాణాలు తీసింది. ఎవరో కాదు, మీ నాయనే చెప్పాడు."

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. కుదరలేదు. ఆయన దక్షిణం పక్కకు, పాత వసారా ఉన్నచోటికి చూడకుండా మొహం తిప్పుకున్నాడు. తమాషాకు భయపడే మనిషి కాదు.

కాశీశ్వరి తడి చేతులు చీరకు తుడుచుకుంది. "అయితే ఆ పెద్దాయన్నే అడుగుదాం పద" అంది.

నలుగురం కలిసి నాగలింగాచారి దగ్గరికి వెళ్ళాం, నన్ను కూడా మనిషి కింద లెక్కేస్తే. ఆయన అరుగు మీద చేరబడి ఉన్నాడు. కళ్ళు సరిగా ఆనవు, చెవులు మాత్రం పాము చెవులు.

"ఎవురు, ఎరువుల మాలకొండేనా? చెప్పుల చప్పుడు అట్టానే ఉందే" అన్నాడు.

"నేనేనండీ. ఒక మాట తేల్చండి. దక్షిణం వాలు పనికిరాదని వసారా తీయించింది మీరు. ఇప్పుడు మీ అబ్బాయి దక్షిణానికే వాలు పెడతానంటన్నాడు. తండ్రి మాట నిజమా, కొడుకు మాట నిజమా?"

నాగలింగాచారి చెయ్యి చాపితే కొడుకు నన్ను అందులో పెట్టాడు. ఆయన మూత మీద బొటనవేలితో కాసేపు రుద్దాడు. కాశీశ్వరి ఎక్కడుందో ఆమె గాజుల చప్పుడును బట్టి పోల్చుకున్నాడు.

"నాది అబద్ధం" అన్నాడు.

మాలకొండయ్య చెప్పులు విడిచి అరుగు దగ్గరికి జరిగాడు.

"ఆ రోజు నేను దీని మూత కూడా తీయలా. ఇంట్లో తప్పు లేకపోతే పిల్లను పంపించేస్తానంది మీ అమ్మ. పిల్లేమో గోడకు ఆనుకుని కూర్చోనుంది. ఏదో ఒకటి ఆ ఇంట్లో నుంచి పోతే గానీ మీ అమ్మ ఊరుకునే మనిషి కాదు. వసారాని పొమ్మన్నా."

నేను ఆయన అరచేతిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ చెయ్యి చెమట పట్టింది. ఒక జీవితమంతా సిద్ధాంతి అనిపించుకున్న మనిషికి ఆ మాట తేలిక కాదు. ఇన్నేళ్ళు నా మీద వేసి చెప్పిన వాటిలో ఇంకెన్ని ఇలాంటివో ఆయనకే తెలియాలి. అయినా ఆ రోజు నాకు ఆయన మీద మొదటిసారి కోపం తగ్గింది. ఇక తేలిపోయిందిలే అనుకున్నాను. నిజం చెప్పాక ఇంకేం మిగులుతుంది?

మనుషుల గురించి నాకేమీ తెలియదని మళ్ళీ రుజువైంది.

"మరి పాప పుట్టిందిగా?" అన్నాడు మాలకొండయ్య.

"పుట్టింది."

"వసారా తీసినాకే పుట్టింది."

"వసారా తీసినాక మీ వీధికి సిమెంటు రోడ్డు కూడా పడింది. దానివల్ల పుట్టిందేమో."

"మీరట్టా తేలిగ్గా అంటారు. మీకు తెలియకపోయినా మీ నోటికి తెలిసింది. ఆ వాక్కు మీది కాదు, పైవాడిది. మీరు పెద్దవాళ్ళు, మీ గొప్ప మీరు చెప్పుకోరు."

చూశారా. అబద్ధం చెబితే దేవుడన్నారు. అబద్ధమని ఒప్పుకుంటే ఇంకా పెద్ద దేవుడన్నారు. నాకు నోరుంటే ఆ అరుగు మీదే దొర్లి దొర్లి ఏడ్చేదాన్ని.

వీరబ్రహ్మం మధ్యలోకి వచ్చాడు. ఎంతైనా గిరాకీ పోగొట్టుకునే మనిషి కాదు. "పోనీ ఒక పని చేద్దామన్నా. తూర్పుకు కొద్దిగా వాలు పెడతా. కరెంటు కాస్త తగ్గిద్దేగానీ మరీ పెద్ద తేడా రాదు. ఫ్రీజరు నడిచిద్ది. తూర్పు వాలుకు నీకేం అభ్యంతరం లేదుగా?"

మాలకొండయ్య మొహం విప్పారింది. "తూర్పు శుభం. ఆ మాట ముందే చెప్పొచ్చుగదబ్బాయ్."

నాగలింగాచారి నిట్టూర్చాడు. వీరబ్రహ్మం ఫోను తీసి కంపెనీకి చెప్పబోయాడు. అందరికీ అనుకూలంగా కుదిరింది. ఫ్రీజరు నిలిచింది, ఆయన భయం నిలిచింది. నిజమొక్కటే బయట నిలబడింది. దానికి అలవాటే.

"తూర్పుకు వద్దు" అంది కాశీశ్వరి.

"ఏంది వద్దు?"

"తూర్పుకు వద్దంటన్నా. దక్షిణానికే పెట్టు తమ్ముడూ."

"ఏమే, నీకు కావాల్సింది ఫ్రీజరేగా? నడిచిద్దంటన్నాడుగా?"

"ఫ్రీజరు సంగతి కాదు. తూర్పుకు పెడితే తప్పు వసారాదేనని మనం ఇంకోసారి ఒప్పుకున్నట్టు. ఇప్పుడే గదా పెద్దాయన కాదన్నాడు."

"కాకపోతే మరి ఎవరిదంటావు?"

ఆ ప్రశ్న ఆయన అనుకుని అడిగింది కాదు, నోరు జారి వచ్చింది. వచ్చాక ఆయనకే వినపడింది.

కాశీశ్వరి గొంతు పెంచలేదు. "ఇదిగో, ఈ మాట కోసమే. ఇన్నేళ్ళు నీ కడుపులో ఉన్న మాట ఇదే. వసారాది కాకపోతే నాది. అందుకే దాన్ని వదలవు నువ్వు. నా మీద జాలితోనే వదల్లేదు, నాకు తెలుసు. కానీ పోయినవి నా ఒంట్లోవి. వసారా తప్పూ కాదు, నా తప్పూ కాదు, నీ తప్పూ కాదు. పోయినై. అంతే. ఆ మాట నీ నోటితో ఒక్కసారన్నా అన్నావా?"

మాలకొండయ్య చెప్పులేసుకున్నాడు. వీధిలోకి వెళ్ళిపోయాడు. నాగలింగాచారి నన్ను తడుముతూ కూర్చున్నాడు.

"నాకేం చెయ్యాలో తెలియలేదు అమ్మాయ్, ఆ రోజు" అన్నాడు.

"నాకు తెలుసు బాబాయ్" అంది ఆమె. "నువ్వు చేసిందానికి దండం పెడతా. కానీ ఇంక చాలు."

శనివారం వీరబ్రహ్మం మనుషులు స్టాండ్లు మోసుకొచ్చారు. పైకి ఎక్కనిస్తారో లేదో వాళ్ళకూ తెలియదు. మాలకొండయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొట్టుకు పోలేదు. నిచ్చెన తీసుకోండని చెప్పలేదు, తీసుకోవద్దనీ చెప్పలేదు. వాళ్ళు తీసుకున్నారు.

మేడ మీద తూర్పు సగంలో ఇనప కాళ్ళు పరిచారు. బిగించేముందు కింది నుంచి ఫోను మోగింది. మాలకొండయ్య గొంతు పైకి వినపడింది.

"రేపు రావద్దులే. లేదబ్బా, ఎక్కువ ఇస్తానన్నా సరే. ఇంట్లో పిండికి కావాల."

అంతే. ఆయన పైకి మాత్రం రాలేదు.

కాశీశ్వరి ఆ మాట విన్నట్టు కూడా కనపడలేదు. పని చేసేవాళ్ళను కాసేపు ఆగమంది. వీరబ్రహ్మం ముందు చెయ్యి చాపి, "ఏదీ, అది ఒకసారి ఇలా ఇయ్యి" అంది.

అతను నన్ను ఆమె చేతిలో పెట్టాడు. పిండి వాసన వేసే చెయ్యి. ఆమె మూత తీసింది. ఇనుముకు దూరంగా నాలుగడుగులు నడిచి, పిట్టగోడ దగ్గర ఆగింది. సూది నిలిచేదాకా ఓపిగ్గా చూసింది. తర్వాత అడిగింది, ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగనంత మామూలుగా.

"ఇది ఎటు చూపిస్తే అది ఉత్తరమేగా తమ్ముడూ?"

"అవునక్కా. దానికి తెలిసింది అదొక్కటే."

నేను ఉత్తరం చూపించాను. ఆమె దానికి వీపు పెట్టి తిరిగి నిలబడింది.

"ఇటు బిగించండి" అంది.